రేపు పొద్దున్నే ఎక్కడికి?

శాలువా కప్పారు. మెడ నిండా చామంతి దండలు వేశారు. వెండి గ్లాసో, గోడ గడియారమో చేతిలో పెట్టారు. 'సార్ లేని లోటు తీర్చలేనిది' అంటూ పదిమందీ మైకులో చెప్పారు. కారులో ఇంటిదాకా దిగబెట్టి మరీ వెళ్లారు. అంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా మర్నాటి నుంచే. అలారం పెట్టుకోకపోయినా ఐదున్నరకే మెలకువ వచ్చేస్తుంది. స్నానం అయిపోతుంది. టిఫిను అయిపోతుంది. జిల్లా పేజీల్లోని టెండరు ప్రకటనలతో సహా పేపరు అయిపోతుంది. తలెత్తి చూస్తే కొత్త గడియారంలో ఎనిమిదీ నలభై! ఇక రాత్రి పడుకునేదాకా ఏం చేయాలి?

ఉద్యోగం చేసినన్నాళ్లూ మనం వేసే లెక్కలన్నీ డబ్బువే. పీఎఫ్ ఎంతొస్తుంది, గ్రాట్యుటీ ఎంతొస్తుంది, ఇంటి లోను పోగా ఎంత మిగులుతుంది... తప్పేం లేదు, వేసుకోవాల్సిందే. కానీ 62వ ఏట ఉద్యోగం దిగిన మనిషి 80 దాకా బతికితే చేతిలో ఉండేవి పద్దెనిమిదేళ్లు. అంటే ఆరున్నర వేల పైచిలుకు ఉదయాలు! వాటి సంగతి ఎవరైనా ఆలోచిస్తున్నారా? బందరులో, గుడివాడలో, దివిసీమ ఊళ్లలో రిటైరయ్యాక కూడా హుషారుగా తిరిగేవాళ్లను చూడండి. వాళ్లలో కలిగినవాళ్లూ ఉంటారు, పింఛను మీదే నెల గడిపేవాళ్లూ ఉంటారు. అందరిలోనూ కనిపించేది మాత్రం ఒకటే. రేపు పొద్దున వాళ్లకోసం ఎవరో ఒకరు ఎదురుచూస్తుంటారు. ఆటలో జతగాడో, గేటు దగ్గర తోకాడించే కుక్కో, కుండీలో వడిలిపోతున్న వంగమొక్కో... ఎవరో ఒకరు.

అసలు ఈ రిటైర్మెంటు వయసు గొడవ ఈ ప్రాంతానికి బాగా తెలిసిందే. గుడివాడ పక్క నిమ్మకూరులో 1923లో పుట్టిన ఎన్టీఆర్ 58 ఏళ్ల వయసులో, 1982 మార్చిలో పార్టీ పెట్టారు. 59 ఏళ్లకు ముఖ్యమంత్రి అయ్యారు. అలా కొత్త కొలువులో చేరిన పెద్దాయన ప్రభుత్వమే 1983లో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించేసింది! తర్వాత మళ్లీ 58 అయింది. రాష్ట్రం విడిపోయాక 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. ఆ 55 దెబ్బకు రాత్రికి రాత్రే ఇంట్లో కూర్చోవాల్సి వచ్చిన గుమాస్తాలూ, మాస్టార్ల కథలు కృష్ణా జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కోర్టు కాగితాలతోనే రోజులు గడిపినవాళ్లు కొందరు. ఆ కోపాన్ని పెరట్లో పాదుల మీద తీర్చుకున్నవాళ్లు కొందరు. రెండోరకం వాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ మామిడిచెట్లు కాస్తున్నాయి.

రిటైర్మెంటు అనగానే ఇంగ్లిషు సినిమాల్లో కనపడేది గోల్ఫు. తెల్లటోపీ, తెల్లబూట్లు, కనుచూపుమేరా పచ్చగడ్డి. అమెరికాలోని ఫ్లోరిడాలో 'ది విలేజెస్' అనే ఊరుంది. ఏదో పల్లెటూరు అనుకునేరు. 55 దాటినవాళ్లకోసం ప్రత్యేకంగా కట్టిన పెద్ద పట్నం. అందులో యాభైకి పైగా గోల్ఫు మైదానాలున్నాయి. జనం కూరగాయలకు కూడా గోల్ఫు బండ్లమీదే వెళ్తారు. మనదేశానికి గోల్ఫు కొత్తేమీ కాదు. కలకత్తాలో 1829లోనే క్లబ్బు పెట్టారు. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర ఆడతారు. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బుంది. మరి మన డెల్టాలో? సరిగ్గా పద్దెనిమిది గుంటల మైదానం వేయాలంటే వందెకరాలకు పైనే కావాలి. ఎకరానికి ముప్పై బస్తాలు పండే మాగాణిని వందెకరాలు తీసుకుని, అందులో గడ్డి పెంచి, ఆ గడ్డిని గేదెకు వేయకుండా బంతి దొర్లిస్తామంటే దివిసీమ రైతు ఏమంటాడో ఊహించుకోండి. ఇక్కడ అచ్చేస్తే బావుండదు!

అయితే గోల్ఫులో ఓ కిటుకుంది. దాన్ని పెద్దవాళ్ల ఆటగా నిలబెట్టింది కర్రా, బంతీ కాదు. నాలుగ్గంటలపాటు నలుగురితో కలిసి నడవడం. మధ్యలో కబుర్లు, చివర్లో టీ. ఆ నలుగురిలో ఒకరు రాకపోతే మిగతా ముగ్గురూ ఫోను చేయడం. ఆ సదుపాయానికి వందెకరాలు అక్కర్లేదు. మన దగ్గర అది ఎప్పట్నుంచో ఉంది. పేరే వేరు... బాల్ బ్యాడ్మింటన్.

ఈ తరం పిల్లలకు షటిల్ తెలుసుగానీ బాల్ బ్యాడ్మింటన్ అంతగా తెలియదు. తంజావూరు వైపు పుట్టిన ఆట ఇది. పసుపురంగు ఉన్ని బంతి, పొడవాటి చెక్క బ్యాటు. ఈకల బంతిలా చిన్న గాలికే కొట్టుకుపోదు కాబట్టి ఆరుబయటే ఆడుకోవచ్చు. సముద్రపు గాలి కొట్టే బందరు లాంటి ఊళ్లకు ఇంతకన్నా తగిన ఆట ఉండదు. కాలేజీ మైదానం మూలో, హైస్కూలు వెనకో, మిల్లు ఆవరణలోనో నాలుగు గీతలు గీసి నెట్టు కడితే చాలు, కోర్టు తయారు. దీని అసలు అందం 'ఫైవ్స్'లో ఉంది. జట్టుకు ఐదుగురు. నెట్టు దగ్గర ఇద్దరు, మధ్యలో ఒకరు, వెనక ఇద్దరు. పరుగెత్తలేని పెద్దాయనకూ కోర్టులో ఒక చోటుంటుంది. చెయ్యి వాటం తెలిసినవాడైతే నిలబడ్డచోటి నుంచే కుర్రాళ్లను మూడు చెరువుల నీళ్లు తాగిస్తాడు. ఇంకో సుగుణం... ఐదో మనిషి రాకపోతే ఆట మొదలుకాదు. 'ఏవోయ్, ఇంకా పడకెక్కే ఉన్నావా?' అని ఇంటిముందుకొచ్చి మరీ కేకేస్తారు. నీ అవసరం లేదని ఆఫీసు చెప్పి పంపేసిన మనిషికి, నువ్వు లేకపోతే కుదరదని చెప్పే కేక అది.

ఇప్పుడు చాలాచోట్ల బాల్ బ్యాడ్మింటన్ కోర్టులు షటిల్ కోర్టులైపోయాయి. ఇళ్ల స్థలాలూ అయిపోయాయి. అయినా ఈ జిల్లాలో అటక మీద పాత బ్యాటున్న ఇళ్లకు కొదవలేదు. కృష్ణా జిల్లాలో పుట్టి వరంగల్లులో స్థిరపడిన జమ్మలమడక పిచ్చయ్యగారిది ఈ ఆటే. 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. 2021 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆయనకు నూరేళ్లు దాటాయి. క్రికెట్టులో చూస్తే సి.కె.నాయుడు గారి పూర్వీకులది బందరే. టెస్టుల్లో భారత జట్టుకు తొలి కెప్టెన్ అయిన ఆ మహానుభావుడు 1956-57లో అరవై దాటిన వయసులో కూడా రంజీ ట్రోఫీ ఆడారు. 'మాకిక వయసైపోయిందండీ' అని 58కే మోకాళ్లు పట్టుకునేవాళ్లకు ఈ రెండు పేర్లూ చెప్పండి.

జపాన్‌వాళ్లు ఇంకో దారి పట్టారు. 1947లో అక్కడి హొక్కైడోలో పిల్లలకోసమని 'గేట్‌బాల్' అనే ఆట కనిపెట్టారు. సుత్తిలాంటి కర్రతో బంతిని చిన్నచిన్న కమ్మీల్లోంచి దొర్లించాలి. పిల్లలు ఏమాడారోగానీ, కొన్నేళ్లకు అది తాతల ఆటైపోయింది. విశేషం ఏమిటంటే అందులోనూ జట్టుకు ఐదుగురే!

ఒక్క మాట. ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చున్న మనిషి రిటైరైన మర్నాడే కోర్టులోకి దిగి స్మాషులు కొట్టకూడదు. బీపీ, షుగరు, గుండె చూపించుకున్నాకే బ్యాటు పట్టాలి. మొదటి నెలంతా నడకే. 65 దాటినవాళ్లు సైతం వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వ్యాయామం చేయాలనీ, తూలిపడకుండా నిలదొక్కుకునే కసరత్తులు వారానికి మూడురోజులైనా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒంటికాలి మీద నిలబడటం లాంటివన్నమాట. గోడ దగ్గర నిలబడి ప్రయత్నించండి. పది సెకన్లు నిలవడం ఎంత కష్టమో తెలుస్తుంది.

బందరులో రిటైరైనవాళ్లంటే బ్యాంకు ఉద్యోగుల్ని వదిలి చెప్పుకోలేం. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్లోనే. 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఉద్యోగులు రిటైరవడం మామూలే. ఇక్కడ బ్యాంకే రిటైరైపోయింది! బోర్డు మారినా పాతవాళ్ల నోట ఇప్పటికీ 'మా ఆంధ్రా బ్యాంకు' అనే వస్తుంది. ఈ బ్యాంకు వాళ్లకు ఏటా నవంబరులో ఓ పనుంటుంది. తాము బతికే ఉన్నట్టు రుజువు చూపించాలి. లేకపోతే పింఛను ఆగుతుంది. పూర్వం స్వయంగా వెళ్లి సంతకం పెట్టేవారు. 2014 నుంచి ఆన్‌లైన్లో 'జీవన్ ప్రమాణ్' వచ్చింది. వయసుకు వేలిముద్రలు అరిగిపోయి యంత్రం గుర్తుపట్టక ఇబ్బందిపడేవారు. తర్వాత ముఖం చూపించే పద్ధతీ పెట్టారు.

అది ఏడాదికోసారి ప్రభుత్వం అడిగేది. రోజూ అడిగేవాళ్లు వేరే ఉంటారు. వాకింగుకు వెళ్లే బృందాలన్నిటిలోనూ కాస్త అటూఇటూగా ఒకే కథ వినిపిస్తుంది. భార్య పోయాక ఒంటరిగా ఉండే పెద్దాయన. పిల్లలు అమెరికాలో, హైదరాబాదులో. రోజూ ఐదున్నరకల్లా మూలమీద టీకొట్టు దగ్గర ఉండే మనిషి ఆరైనా రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఇద్దరు వెళ్లి తలుపు కొట్టారు. పక్కింటి కుర్రాణ్ని గోడ దూకించారు. చూస్తే బాత్రూములో జారిపడి, తుంటి విరిగి, రాత్రి నుంచీ అలాగే ఉన్నాడు. ఆస్పత్రికి చేర్చారు కాబట్టి సరిపోయింది. అదే ఆయనకు ఐదున్నర టీ అలవాటు లేకపోతే? పనిమనిషి వచ్చేదాకానో, అమెరికా నుంచి ఆదివారం వీడియో కాల్ వచ్చేదాకానో... తలుచుకోవడానికే భయమేస్తుంది. హార్వర్డు విశ్వవిద్యాలయం వాళ్లు 1938లో మొదలుపెట్టిన ఓ అధ్యయనం తరాలు దాటి నడిచింది. యాభై ఏళ్ల వయసులో మనుషులతో మంచిగా ఉన్నవాళ్లే ఎనభైల్లో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని అందులో తేలింది. కొలెస్టరాల్ లెక్కకన్నా ఇదే బాగా పనికొచ్చిందట. మన మూలమీద టీకొట్టువాడు ఈ సంగతి పరిశోధన చేయకుండానే చెబుతాడు.

మనుషుల తర్వాత మొక్కలు. ఈ ప్రాంతంలో తోటపని అంత తేలిక కాదు. గోదావరి జిల్లా కడియం నుంచి వచ్చే మొక్కల బండి వీధిలోకొస్తే రిటైరైనవాళ్లంతా చుట్టూ మూగుతారు. ఎర్రగులాబీ, పచ్చగులాబీ అంటూ నాలుగు కొంటారు. మూడోనెల తిరక్కుండా ఆకుల అంచులు మాడి, కొమ్మ ఎండి, కుండీ మిగులుతుంది. తప్పు మొక్కల బండివాడిది కాదు. బందరులోనూ, దివిసీమ కిందిభాగంలోనూ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లు రోజూ పోస్తే కుండీ అంచున తెల్లగా పొరకడుతుంది. అది ఉప్పే. ఇక్కడి మన్ను కూడా బంకమన్ను. నీరు దిగదు, వేరుకు గాలాడదు.

అనుభవమున్నవాళ్లు ఏం చేస్తారంటే... ముందుగా ఉప్పును ఓర్చుకునే వాటిని ఎంచుకుంటారు. పెరడుంటే కొబ్బరి, సపోటా. గోడవారన గన్నేరు, కాగితంపూలు. వాటితో చేయి తిరిగాకే గులాబీల జోలికి వెళతారు. కుండీలో బంకమన్ను ఒక్కటే వేయకుండా ఇసుక, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలుపుతారు. కొబ్బరిపొట్టునూ మంచినీళ్లలో రెండుమూడుసార్లు కడగాలి, అందులోనూ ఉప్పుంటుంది. అడుగున కంత మూసుకుపోకుండా పెంకుముక్క పెడతారు. వానాకాలంలో కుండీలన్నీ ఆరుబయట పెట్టి బాగా తడవనిస్తే పేరుకున్న ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది. మేడమీద పడ్డ వాననీటిని డ్రమ్ముల్లోకి పట్టేవాళ్లున్నారు. ఏసీ నుంచి కారే నీళ్లు వదలరు, వాటిలో ఉప్పుండదు కాబట్టి. ఇంట్లో తాగునీటి యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం మొక్కకు పోయకూడదు. వడకట్టగా మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. పొదుపు చేస్తున్నామనుకుని చాలామంది ఇక్కడే మొక్కల్ని చంపుకుంటారు.

గుడివాడ వైపు కాలవ నీళ్లందే ఇళ్లకు ఇంత తిప్పలుండదు. దొండపాదు, బచ్చలి, కనకాంబరాలు దానంతటవే వస్తాయి. అక్కడ సమస్యల్లా దొండకాయలు ఎవరికి పంచాలన్నదే. ఆ పాదు ఒక్కటి చాలు, వీధిలో పదిళ్లతో మాటలు కలపడానికి.

దివిసీమలో చెట్టు సంగతి ఇంకొంచెం లోతైనది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి పదిహేను, పదహారేళ్లున్న పిల్లలే ఇప్పుడు రిటైరైనవాళ్లు. వేలమంది పోయిన ఆ రాత్రి చెట్టు కొమ్మ పట్టుకుని బతికినవాళ్లు అక్కడి కుటుంబాల్లో ఉన్నారు. నీళ్లు తీశాక ఉప్పు పట్టిన పొలాలను చూసినవాళ్లున్నారు. అక్కడో రిటైర్డు మాస్టారు చెరువుగట్టున వేపమొక్క నాటి, మేక మేయకుండా చుట్టూ ముళ్లకంప కడుతున్నారంటే, దాన్ని కాలక్షేపం అనడానికి నాకు నోరు రాదు.

దివిసీమకు వెళ్లే దారిలో చల్లపల్లి తగులుతుంది. డాక్టర్ డి.ఆర్.కె.ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు ముందుండి 2014 నవంబరు 12న అక్కడ 'స్వచ్ఛ చల్లపల్లి' మొదలైంది. తెల్లవారుజామున నాలుగున్నరకు చీపుళ్లు, పారలు పట్టుకుని రోడ్డుమీదికి రావడం, ఓ వీధిని శుభ్రం చేయడం, రోడ్డు వారన మొక్కలు నాటడం. ఒక్కరోజు ఫొటోకోసం చేసింది కాదు, ఏళ్లతరబడి సాగింది. వచ్చేవాళ్లలో రైతులున్నారు, గృహిణులున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. ఒకప్పుడు బడిలో బెత్తం పట్టిన చెయ్యి మురుగుకాలవలో పార పడుతుంటే మొదట్లో ఊరికి వింతగానే ఉండి ఉంటుంది. గోల్ఫు మైదానాన్ని పచ్చగా ఉంచడానికి క్లబ్బులు జీతాలిచ్చి మనుషుల్ని పెడతాయి. వీళ్లు ఊరినే మైదానంలా చూసుకున్నారు. వ్యాయామం సంగతి అడగనే అక్కర్లేదు.

ఇక కుక్కలు. ఉద్యోగంలో ఉన్నంతకాలం 'ఇంట్లో కుక్కా? వద్దంటే వద్దు' అని పిల్లల్ని ఏడిపించిన నాన్నలే రిటైరయ్యాక రాత్రి మిగిలిన పెరుగన్నం పట్టుకుని గేటు తీస్తారు. ఓ వీధికుక్క అలవాటవుతుంది. పేరు పడుతుంది. వాకింగులో వెంట నడుస్తుంది. మనిషి ఆగితే ఆగుతుంది. అరవై ఏళ్ల మనిషికి చెప్పిందే మళ్లీ చెప్పినా విసుక్కోకుండా వినేవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి!

కాకపోతే అన్నం పెట్టడంతో బాధ్యత తీరదు. రేబిస్ వస్తే మనిషికి బతుకు లేదు. రోజూ తిండిపెట్టే కుక్కకు టీకా వేయించడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించడం కూడా అన్నం పెట్టినవాళ్ల పనే. ఏటా జులై 6న పశువుల ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. బడికి వెళ్లే పిల్లలు నడిచే దారిలో కాకుండా ఓ పక్కగా తిండిపెట్టాలి. పొరపాటున పన్ను తగిలితే, గోరు గీరుకున్నా సరే, ధారగా పడే నీళ్లకింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. 'మన కుక్కేగా' అని పసుపు అద్ది కూర్చోకూడదు.

ఇంత అల్లుకున్నాక అసలు పరీక్ష వస్తుంది. 'నాన్నా, అమ్మా, టికెట్లు బుక్ చేశాం, ఆర్నెల్లు ఇక్కడికొచ్చేయండి' అని అమెరికా నుంచి ఫోను. మనవణ్ని చూడాలని ఎవరికుండదు? కానీ పెద్దాయన నసుగుతాడు. మొక్కలకు నీళ్లెవరు పోస్తారు, కుక్కకు అన్నమెవరు పెడతారు అంటాడు. అవతల కొడుక్కు కోపం. 'మాకన్నా నీకు కుక్క ఎక్కువైందా నాన్నా?' ఇది చాలా ఇళ్లల్లో నిజంగా జరిగే గొడవ. తప్పెవరిదని తేల్చడం నావల్ల కాదుగానీ, కొడుకు ఒక సంగతి గమనించడం లేదనిపిస్తుంది. ఇక్కడ నాన్న బజారుకు బయల్దేరితే అడుగడుక్కీ 'నమస్కారం మాస్టారూ' అని వినిపిస్తుంది. అక్కడ ఆయన కిటికీ పక్కన కూర్చున్న ఓ పెద్దాయన, అంతే. కారు నడపలేడు. నడిచి వెళ్లే దూరంలో ఏమీ ఉండదు. కోడలు ఆఫీసుకు, మనవడు బడికి వెళ్లాక ఎనిమిదీ నలభై మళ్లీ మొదటికొస్తుంది. ఆర్నెల్లకు బదులు మూడునెలలకు ఒప్పించి, మొక్కలు పక్కింటివారికి, కుక్క టీకొట్టువాడికి అప్పగించి వెళ్లొచ్చేవాళ్లు తెలివైనవాళ్లు. తిరిగొచ్చాక కుక్క చేసే హడావుడి చూడాలి!

ఇదంతా పింఛనున్నవాళ్ల కథేనని నాకూ తెలుసు. 2004 సెప్టెంబరు తర్వాత ప్రభుత్వ కొలువులో చేరినవాళ్లకు పాత పింఛను లేదు, వాళ్లు రిటైరయ్యేనాటికి ఇంత ధీమా ఉంటుందో ఉండదో. నాగాయలంకలో వల వేసేవాళ్లకు, కోడూరులో నాట్లు వేసేవాళ్లకు శాలువా కప్పే సభే ఉండదు. 2024 జులై నుంచి రాష్ట్ర ప్రభుత్వం వృద్ధులకు నెలకు 4,000 ఇస్తోంది. అది మందులకూ, బియ్యానికీ ఆసరా. నడుం వంగేదాకా పనిచేసే మనిషికి 'చురుగ్గా ఉండండి' అని మనం చెప్పక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది కాసేపు కూర్చునే తీరిక.

తీరిక లేనివాళ్లు మన ఇళ్లల్లోనే ఇంకొకరున్నారు. మాస్టారు రిటైరయ్యారు, సరే. మరి అమ్మగారో? ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు తొమ్మిదిన్నరకు క్యారేజీ కట్టిచ్చాక సాయంత్రందాకా ఇల్లు ఆమెది. ఇప్పుడు పదింటికి కాఫీ, పదకొండుకు మజ్జిగ, మధ్యాహ్నం వేడివేడిగా అన్నం, నాలుగింటికి బజ్జీలు. పైగా 'ఉప్పుడబ్బా ఇక్కడెందుకు పెట్టావ్' అనే తనిఖీ ఒకటి! జపాన్‌లో ఇలా రిటైరై భార్యను అంటిపెట్టుకుని తిరిగే మగవాళ్లకు ఓ పేరుంది, 'నురె ఓచిబా'. అంటే రాలిన తడి ఆకు. చీపురుతో ఎంత ఊడ్చినా నేలను వదలదట. ఉద్యోగం చేసి రిటైరైన టీచరమ్మలకూ బడి నుంచే విరమణ, వంటింటి నుంచి కాదు. మగవాళ్ల హాయిని మెచ్చుకుంటూ రాసే కబుర్లన్నిటిలోనూ ఆ టీ ఎవరు పెట్టారో రాయడం మరిచిపోతుంటాం.

ఈమధ్య కొన్ని వీధుల్లో మార్పు కనబడుతోంది. సాయంత్రం విష్ణు సహస్రనామానికి చేరే ఆడవాళ్లే పొద్దున నడకకూ జట్టు కడుతున్నారు. చీరమీదే కాన్వాసు బూట్లు. వీళ్ల నడక మగవాళ్లకన్నా జోరుగా ఉంటుంది, కబుర్లూ అంతే. ఒక్కో ఆదివారం ఇంకొంచెం దూరం, మంగినపూడి బీచికో, చిలకలపూడి పాండురంగడి గుడికో ఆటో మాట్లాడుకుంటారు. ముందురోజు రాత్రి అన్నాల దగ్గర భర్తకు చెబుతారు.

"ఏవండీ, రేపు పొద్దున్నే నేను ఉండను. ఇడ్లీపిండి ఫ్రిజ్‌లో ఉంది. కుక్కకు కూడా రెండు వేయండి."